రాగి మందం దగ్గరే మొదలు: లిమోజ్ తరహా ఎనామిల్ పలక తయారీ డైరీ

పని పరిధి

ఫ్రాన్స్‌లోని లిమోజ్ పట్టణంలో 12వ శతాబ్దం రెండో సగం నుంచి 14వ శతాబ్దం దాకా తయారైన ఎనామిల్ ధాతుపేటికలకు బిగించే పలకల్లాంటిది ఒకటి, వీలైనంతవరకు ఆనాటి పద్ధతిలోనే చేయడం ఈ పని లక్ష్యం. ఆ పద్ధతిని షాంప్లెవే అంటారు. మందపాటి రాగి పలకలో గుంటలు తవ్వి, వాటిలో తడి గాజుపొడి నింపి, పుటం వేసి కరిగించి, చల్లారాక గాజును రాగితో సమమట్టంగా అరగదీసి, చివరికి పైకి కనిపించే రాగికి బంగారు పూత వేస్తారు.

నమూనాగా థామస్ బెకెట్ పేటికలను తీసుకున్నాను. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ బెకెట్‌ను 1170 డిసెంబర్ 29న ఆయన కెథెడ్రల్‌లోనే నరికి చంపారు. 1173లో చర్చి ఆయనను సెయింటుగా ప్రకటించింది. ఆ తరువాత ఆయన అవశేషాలను భద్రపరచడానికి లిమోజ్‌లో చేసిన పేటికల్లో దాదాపు 50 నేటికీ మిగిలి ఉన్నాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న పేటిక 1180–1190 ప్రాంతానిదని అంచనా. దాని ఎత్తు సుమారు 30 సెం.మీ. ఇంటి ఆకారంలో ఒక చెక్కపెట్టె, దానికి మేకులతో బిగించిన రాగి పలకలు, ఇదే ఈ పేటికల నిర్మాణం. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతు కరండాల గురించి తెలిసిన పాఠకులకు ఇలాంటి పెట్టె ఎందుకు చేస్తారో వివరించనక్కరలేదు.

నేను చేస్తున్నది పూర్తి పేటిక కాదు, 100 × 80 మి.మీ. కొలత గల ఒక్క పలక. మధ్యలో 62 మి.మీ. వృత్తం, అందులో మేఘపు అంచు పైనుంచి కనిపించే దేవదూత నడుము పైభాగం, చుట్టూ నీలి నేల, నాలుగు మూలల్లో నాలుగు పూలు. బొమ్మ రాగిగానే ఉంటుంది, నేలంతా ఎనామిల్.

ఈ డైరీలో రంగుల కన్నా రాగికే ఎక్కువ చోటిస్తున్నాను. ఎనామిల్ గురించి ఈనాడు దొరికే సూచనల్లో చాలావరకు ఒక మిల్లీమీటరు లోపు రేకు మీద పనిచేసేవారికి రాసినవి. వాటిని మందపాటి పలకకు యథాతథంగా వాడితే వేడి, వేళ, నింపే క్రమం మూడూ తప్పుతాయి. పలక మందం సరిగా ఎంచుకుంటే ఇబ్బందుల్లో సగం పుట్టనే పుట్టవు. లిమోజ్ కంసాలులకు ఆ సంగతి బాగా తెలుసునని వారి పలకలే చెబుతున్నాయి.

దశ 1: పలక

మొదట వాడినది పాత్రల దుకాణంలో దొరికే 0.9 మి.మీ. రాగి రేకు. 60 మి.మీ. ముక్క మీద 0.4 మి.మీ. లోతు గుంట తవ్వి, నీలం నింపి పుటం వేస్తే, చల్లారేసరికి రేకు ఎనామిల్ వైపు ఉబ్బింది. బల్లమీద బోర్లించి కొలిస్తే వంపు 1.4 మి.మీ. ఉంది. మరుసటి ఉదయానికి గుంట అంచు వెంబడి సన్నని పగుళ్లు కనిపించాయి, ఒక మూల గాజు పెచ్చుగా లేచింది.

కారణం వ్యాకోచంలో తేడా. ఒక డిగ్రీ వేడికి రాగి పది లక్షల వంతుల్లో సుమారు 17 వంతులు సాగుతుంది, ఎనామిల్ గాజు అంతకన్నా బాగా తక్కువ సాగుతుంది. చల్లారేటప్పుడు రాగి ఎక్కువ కుదించుకుపోతుంది కాబట్టి గాజు నొక్కుడుకు గురవుతుంది, పలుచని రేకు ఆ బలానికి వంగిపోతుంది. ఈనాటి పనివారు రేకు వెనకవైపు కూడా ఎనామిల్ పూసి ఈ రెండు బలాలను సరిచేస్తారు. మధ్యయుగపు షాంప్లెవే పలకల వెనక అలాంటి పూత ఉండదు. అక్కడ వంపును ఆపేది రాగి మందమే.

అందుకని రేకును వదిలేసి, ఎలక్ట్రికల్ ప్యానెళ్లలో వాడే రాగి బస్‌బార్‌కు మారాను. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో 80 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం గల పట్టీని కావలసినంత పొడవు కోసి ఇస్తారు. బస్‌బార్ వల్ల మూడు లాభాలున్నాయి. అది విద్యుత్తు కోసం చేసినది కాబట్టి రాగి 99.9 శాతం శుద్ధంగా ఉంటుంది. చదునుగా వస్తుంది. పూర్తిగా మెత్తబరచినది కాదు కాబట్టి ఉలికి శుభ్రంగా తెగుతుంది. లిమోజ్ పలకలను విశ్లేషించినప్పుడు కూడా అవి దాదాపు శుద్ధమైన రాగి అనే తేలింది. ఇత్తడి, కంచు ఈ పనికి పనికిరావు. తగరం, జింకు, సీసం కలిసిన లోహం మీద గాజు సరిగా పట్టదు, పొక్కులు వస్తాయి. 12వ శతాబ్దపు తొలి భాగంలో లోహపనుల గురించి రాసిన థియోఫిలస్ అనే సన్యాసి కూడా బంగారు పూత వేయదలచిన రాగిలోంచి సీసాన్ని ముందే తీసివేయాలని హెచ్చరించాడు.

పలక తయారీ క్రమం:

1. పట్టీని 100 మి.మీ. పొడవుకు కోసి, అంచులను ఆకురాయితో గుండ్రంగా చేయాలి. పదునైన అంచు దగ్గర పుటంలో ఎక్కువ పొలుసు (వేడికి రాగి మీద కట్టే నల్లని పొర) లేస్తుంది.
2. చెక్కడానికి ముందు పలకను కాల్చి మెత్తబరచకూడదు. మెత్తని రాగి ఉలి మొనకు అంటుకుని చిరుగుతుంది.
3. నాలుగు మూలల్లో 2 మి.మీ. మేకు రంధ్రాలు ఇప్పుడే వేయాలి. ఎనామిల్ పడ్డాక డ్రిల్లు అదురుకు గాజు చిట్లుతుంది.

ఇప్పటివరకు లెక్క: పలక బరువు 213.9 గ్రా. పుటాలు లేవు.

దశ 2: గుంటలు తవ్వడం

ముందు ఆమ్లపు దారి పట్టాను. బొమ్మను మైనపు పూతతో కప్పి, మిగతా భాగాన్ని ఫెర్రిక్ క్లోరైడ్‌తో తినిపిస్తే ఉలి శ్రమ తప్పుతుందన్నది ఆలోచన. పరీక్ష ముక్క మీద 0.8 మి.మీ. లోతు వచ్చేసరికి ద్రావణం కిందికి తిన్నట్లే పక్కకూ తినేసింది. గుంటల మధ్య మిగలాల్సిన రాగి గట్టును 1.2 మి.మీ. వెడల్పుతో గీస్తే, పైభాగంలో 0.4 మి.మీ. మాత్రమే మిగిలింది, రెక్కల ఈకల మధ్య సన్నని గట్లు మూడు చోట్ల పూర్తిగా కొట్టుకుపోయాయి. పైగా ఆమ్లం తిన్న గుంట అడుగు నునుపుగా తయారైంది.

అసలు పలకల్లో ఎనామిల్ రాలిపోయిన చోట్ల గుంట అడుగున ఉలి గాట్లు కనిపిస్తాయి. గరుకు నేలను గాజు బాగా పట్టుకుంటుంది. కాబట్టి ఆమ్లాన్ని పూర్తిగా పక్కనపెట్టి ఉలితోనే తవ్వాను. పలకను లక్కముద్ద మీద వేడిచేసి అతికించి, ఈ క్రమంలో పనిచేశాను:

1. సన్నని మొన ఉలితో గీత వెంబడి, గీతకు 0.2 మి.మీ. లోపలగా, 0.3 మి.మీ. లోతు గాడి తీయాలి.
2. 2 మి.మీ. చదును ఉలిని చిన్న సుత్తితో కొడుతూ మధ్యభాగాన్ని పొరలు పొరలుగా లేపాలి. ఒక్కో పొర 0.2 మి.మీ. మించకూడదు.
3. గోడలను చివర్లో నిలువుగా చెక్కాలి. వాలుగా వదిలితే, అరగదీసేటప్పుడు గట్టు వెడల్పు మారిపోతుంది.
4. ఉలి మొనను కిరోసిన్‌లో ముంచుతూ ఉండాలి, లేకపోతే రాగి అంటుకుంటుంది.
5. వెర్నియర్ కాలిపర్ వెనక ఉండే లోతుపుల్లతో ప్రతి గుంటలో మధ్యన, అంచున కొలవాలి.

లోతు లక్ష్యం 0.8 మి.మీ. ఈ అంకె రెండు ముక్కల మీద పరీక్షించి తేల్చినది. 0.4 మి.మీ. లోతులో అరగదీసేటప్పుడు అక్కడక్కడ రాగి అడుగు నీలంలోంచి మసకగా కనిపించింది. 1.2 మి.మీ. లోతులో గాజు మందమై, చల్లారాక వృత్తం మధ్యలో పగిలింది. గట్ల వెడల్పు 0.7 మి.మీ. కన్నా తగ్గితే సుత్తి దెబ్బకు పక్కకు వాలుతున్నాయి. అందుకే ఒక్కో రెక్కకు గీసిన తొమ్మిది ఈకలను ఆరుకు తగ్గించాను. లిమోజ్ బొమ్మల్లో గీతలు ఎందుకంత పొదుపుగా, నిబ్బరంగా ఉంటాయో ఉలి పట్టినప్పుడు అర్థమవుతుంది. వృత్తికారుడు గీసిన ప్రతి గీతా ఒక గట్టుగా నిలబడాలి, ఆ గట్టుకు ఒక కనీస వెడల్పు కావాలి.

ఇప్పటివరకు లెక్క: గ్రాఫ్ కాగితం మీద లెక్కించిన గుంటల వైశాల్యం 34 చ.సెం.మీ. పలక బరువు 189.6 గ్రా., అంటే తీసేసిన రాగి 24.3 గ్రా. సగటు లోతు 0.8 అయితే సుమారు 24.4 గ్రాములు పోవాలి కాబట్టి, కాలిపర్ కొలతలను ఈ తూకం సమర్థిస్తోంది.

దశ 3: గాజుపొడి

లిమోజ్ ఎనామిళ్లు ప్రధానంగా అపారదర్శకమైనవి. బంగారం మీద పారదర్శక గాజు వెలుగుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న 14వ శతాబ్దపు రాయల్ గోల్డ్ కప్ మీద సెయింట్ ఆగ్నెస్ కథను చూస్తే ఆ వెలుగు ఎంతటిదో తెలుస్తుంది. రాగి మీద అదే గాజు మురికిగా, చీకటిగా కనిపిస్తుంది. రాగిని ఎంచుకున్నవారు గాజును అపారదర్శకం చేసుకోక తప్పదు. 12వ శతాబ్దంలో దానికి ఆంటిమొనీ సమ్మేళనాలను, ఆ తరువాతి కాలంలో తగరపు ఆక్సైడును వాడారు. నీలానికి కోబాల్టు, ఆకుపచ్చకు, పచ్చల నీలానికి (టర్కాయిజ్ రంగుకు) రాగి. పాత కట్టడాల మొజాయిక్ గాజు ముక్కలను ఫ్రాంకులు ఏరి తెచ్చి కరిగించుకుంటారని థియోఫిలస్ రాశాడు.

నేను వాడినవి సీసం లేని ఆధునిక పొడులు: ముదురు నీలం, లేత నీలం, తెలుపు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. వీటికి తోడు నగల మీనాపనికి వాడే పచ్చల నీలం గాజుముద్ద ఒకటి నూరి, మేఘపు అంచులో కలిపి చూశాను. అది సీసం ఉన్న గాజు. పక్కన ముదురు నీలం ఇంకా గింజలుగా ఉండగానే ఇది కరిగి బుడగలు కట్టి గట్టు దాటి పారింది. చల్లారాక రెండూ కలిసిన చోట జుట్టంత సన్నని పగులు నిలిచింది. అప్పటినుంచి ఒక పలకలో ఒకే రకం గాజు అనే నియమం పెట్టుకున్నాను. మేఘాలకు పచ్చల నీలం మానేసి లేత నీలం, తెలుపు వాడాను.

పొడిని సిద్ధం చేసే పద్ధతి:

1. పింగాణీ కల్వంలో డిస్టిల్డ్ నీళ్లు పోసి, నీళ్ల కిందే నూరాలి. పొడిగా నూరితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎరుపు, పసుపు పొడుల్లో కాడ్మియం ఉండవచ్చు కాబట్టి మాస్కు తప్పనిసరి.
2. ఒక నిమిషం ఆగి, పైన తేలే పాలలాంటి నీటిని వంచేయాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలా కడగాలి.
3. అన్ని రంగులనూ ఒకే జల్లెడతో పట్టి, గింజ పరిమాణం సమానంగా ఉంచాలి. ఈ మూడో మెట్టు ఎందుకు ముఖ్యమో పూల దగ్గర తెలిసింది.

కడగని తెలుపును, కడిగిన తెలుపును పక్కపక్కన పుటం వేసి అరగదీసి చూశాను. కడగనిదాంట్లో ఒక చదరపు సెంటీమీటరుకు పదికి పైగా సూదిమొన రంధ్రాలు తేలాయి, కడిగినదాంట్లో ఒకటో రెండో ఉన్నాయి.

దశ 4: కొలిమి వేడి ఎంతో తేల్చుకోవడం

నా దగ్గరున్నది ల్యాబుల్లో వాడే చిన్న ఎలక్ట్రిక్ మఫిల్ ఫర్నేస్. దాని తెరమీద కనిపించే అంకెకూ పలక ఉండే చోటి వేడికీ తేడా ఉంటుందని అనుమానం వచ్చి, ఉప్పుతో పరీక్షించాను. శుద్ధమైన సోడియం క్లోరైడ్ 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. చిన్న పింగాణీ మూసలో చిటికెడు ఉప్పు వేసి, పలక పెట్టే చోటే ఉంచి, వేడిని అయిదేసి డిగ్రీలు పెంచుతూ పోతే, తెరమీద 826 ఉన్నప్పుడు ఉప్పు తేటనీరులా మారింది. అంటే తెర 25 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. ఈ డైరీలో ఇకపై ఇచ్చే వేడి అంకెలన్నీ ఆ 25 తీసేసినవి.

రెండో సంగతి వేళ. 0.9 మి.మీ. రేకుకు రెండు నిమిషాలు సరిపోయింది. 3 మి.మీ. పలకను లోపల పెట్టగానే వేడి దాదాపు 70 డిగ్రీలు పడిపోతోంది, తిరిగి పుంజుకోవడానికి మూడు నిమిషాలకు పైగా పడుతోంది. రేకు అలవాటుతో తొందరగా తీసిన పరీక్ష ముక్క నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా ఉండిపోయింది. అరగదీస్తే లోపలంతా గాలి గదులే. మందపాటి రాగికి వేడి ఎక్కించకుండా వేళ ఎక్కువ ఇవ్వాలి. వేడి పెంచితే గట్ల అంచులే ముందు కాలిపోతాయి.

దశ 5: నింపడం, పుటాలు

పలకను లక్క నుంచి విడదీసి, లక్క మరకలను స్పిరిట్‌తో కడిగి, పది శాతం సిట్రిక్ యాసిడ్ గోరువెచ్చని ద్రావణంలో నానబెట్టి, ఫైబర్‌గ్లాస్ బ్రష్‌తో రుద్దాను. చింతపండు నీళ్లు కూడా ఇదే పని చేస్తాయి. కాకపోతే పీచు గుంట మూలల్లో ఇరుక్కుంటే పుటంలో బొగ్గై పొక్కు లేపుతుంది. శుభ్రం చేశాక గుంటలను వేలితో తాకకూడదు. వేలి జిడ్డు పడిన చోట మొదటి పొర లేచిపోయింది.

పూల గురించి కాస్త వివరంగా చెప్పాలి, లిమోజ్ పనితనం నిజంగా కనిపించేది అక్కడే. ఒక్కో పువ్వు 9 మి.మీ. వెడల్పున్న ఒకే గుంట. మధ్యలో ఎరుపు, దాని చుట్టూ ఆకుపచ్చ, అంచున పసుపు. ఈ మూడింటి మధ్య రాగి గట్టేమీ ఉండదు, రంగులు నేరుగా ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. బైజాంటియమ్ పనివారు ప్రతి రంగునూ బంగారు తీగతో వేరుచేసే చోట లిమోజ్ పనివాడు తడి పొడినే హద్దుగా వాడుకున్నాడు.

మొదటి పువ్వులో పసుపు, ఆకుపచ్చ ఒకదాంట్లోకి ఒకటి జారి, హద్దు 1.5 మి.మీ. వెడల్పు మసకగా మారింది. రెండు కారణాలు కనిపించాయి. నీరు ఎక్కువగా ఉండటంతో పొడి తేలి కదిలింది. పసుపు గింజలు ఆకుపచ్చ గింజల కన్నా సన్నగా ఉండటంతో వాటి సందుల్లోకి జొరబడ్డాయి. పొడులను ఒకే జల్లెడ పట్టి, కింది క్రమం పాటించాక హద్దు 0.3 మి.మీ.కు తగ్గింది:

1. ముందు అంచు రంగు పెట్టాలి. సూదిమొనతో చిన్న చిన్న ముద్దలుగా గోడకు ఆనించి, ఒక వలయంగా పేర్చాలి.
2. బ్లాటింగ్ కాగితం కొసను గట్టు మీద ఆనించి నీటిని పీల్చాలి. కాగితం పొడిని తాకకూడదు.
3. వలయం లోపలి అంచును సన్నని చదును పుల్లతో నిలువుగా నొక్కాలి. పొడి జారకుండా నిలబడితే తడి సరిపోయినట్లు.
4. అప్పుడు రెండో రంగు పెట్టి మళ్లీ నీరు పీల్చాలి.
5. మధ్య భాగాన్ని చివరి పుటం దాకా ఖాళీగా ఉంచాలి.

అయిదో మెట్టు ఎరుపు వల్ల వచ్చింది. పరీక్ష ముక్కలో మొదటినుంచీ ఉన్న ఎరుపు, మూడో పుటానికి కాలేయపు రంగుకు, నాలుగో పుటానికి దాదాపు నలుపుకు మారింది. ఎక్కువ వేళ వేడిలో ఈ ఎరుపు నిలవదు. దాన్ని చివర్లో, తక్కువ వేడిలో వేయాలి.

పలక మీద జరిగిన పుటాలు:

1. 800 డిగ్రీలు, 7 నిమిషాలు. గుంటలు గట్టు దాకా నింపాను; కరిగాక గాజు మందం 0.45 మి.మీ. మాత్రమే మిగిలింది. గింజల మధ్య గాలి పోవడంతో దాదాపు సగం దిగింది.
2. 800 డిగ్రీలు, 7 నిమిషాలు. మందం 0.7 మి.మీ. మేఘపు తెలుపులో నల్ల చుక్కలు. గట్ల మీద లేచిన రాగి పొలుసు చిట్లి తడి పొడిలో పడింది. ఆ చుక్కలను వజ్రపు మొనతో తొలిచి తీశాను.
3. ఈసారి నింపే ముందు పలకను సిట్రిక్ యాసిడ్‌లో వేసి, పొలుసంతా రుద్ది కడిగాను. 800 డిగ్రీలు, 7 నిమిషాలు. తెలుపు శుభ్రంగా వచ్చింది. గాజు గట్ల కన్నా కొద్దిగా పైకి ఉబ్బింది.
4. అంచుల్లో దిగిన చోట్ల పూడిక. 795 డిగ్రీలు, 6 నిమిషాలు.
5. పూల మధ్యలో ఎరుపు. 775 డిగ్రీలు, 5 నిమిషాలు. రంగు నిలిచింది.

ప్రతి పుటం తరువాత పలకను కొలిమి నోటిదగ్గర ఇటుక మీద ఉంచి, పైన మరో ఇటుక కప్పి నెమ్మదిగా చల్లార్చాను. చల్లారాక బల్ల అంచుతో సరిచూస్తే మొత్తం వంపు 0.2 మి.మీ. లోపే ఉంది. రేకు మీద 1.4 మి.మీ. వంపు 60 మి.మీ.లోనే వచ్చిందని గుర్తుంచుకుంటే, 3 మి.మీ. మందం ఎంత పని చేసిందో అర్థమవుతుంది.

ఇప్పటివరకు లెక్క: పుటాలు 5. నింపిన గాజు, ఎండిన తూకంలో 9.1 గ్రా. పొలుసుగా పోయిన రాగి, పుటానికి 0.2–0.3 గ్రా. చొప్పున, మొత్తం 1.2 గ్రా. పలక బరువు 197.5 గ్రా.

దశ 6: అరగదీయడం

కార్బొరండం రాళ్లతో, కుళాయి నీటి ధార కింద, గరుకైన 150 నంబరు నుంచి 220కి, అక్కడినుంచి నునుపైన 400కు వెళ్లాను. రాయిని ఎప్పుడూ చేతితో నేరుగా కాక చదునైన చెక్కకు బిగించి వాడాలి. చేత్తో రుద్దితే మెత్తని రాగి ఎక్కువ, గట్టి గాజు తక్కువ అరిగి, గట్లు గాజు కన్నా లోతుకు పోతాయి. తరువాత నీటి ఎమరీ కాగితం 600, 800, 1000.

400 రాయి దగ్గర నీలి నేలలో ఎనిమిది రంధ్రాలు తేలాయి. మూడింటిని తొలిచి, పొడి నింపి మళ్లీ పుటం వేయవచ్చా అని ఆలోచించి మానుకున్నాను. ఇంకో పుటానికి ఎరుపు పోతుంది. అవి 0.3 మి.మీ. లోపువే కాబట్టి అలాగే వదిలేశాను.

చివరి మెరుపుకు రెండు దారులున్నాయి. ఒక నిమిషం పుటంలో పెట్టి తీస్తే గాజు తనంతట మెరుస్తుంది, కానీ పైభాగం గుండ్రమై రాగి మళ్లీ నల్లబడుతుంది. రెండోది చేతితో మెరుగుపెట్టడం. థియోఫిలస్ ఎనామిల్‌ను సీసపు పలక మీద, ఆపైన మేకతోలు మీద రుద్ది మెరుగుపెట్టమంటాడు. సీసం జోలికి పోకుండా, తోలు అతికించిన చెక్క మీద సీరియం ఆక్సైడ్ తడిపి రుద్దాను. గాజూ రాగీ ఒకే మట్టంలో, వేలికి గట్టు తెలియకుండా వచ్చాయి. ఈ మట్టం కోసమే షాంప్లెవే చేయాలని నా అభిప్రాయం. దీపం పక్కనుంచి పడినప్పుడు నీలమూ రాగీ ఒకే ఉపరితలంగా వెలుగు తీసుకుంటాయి.

ఇప్పటివరకు లెక్క: పలక బరువు 194.6 గ్రా. మిగిలిన గట్ల సగటు వెడల్పు 0.8 మి.మీ.

దశ 7: ముఖం గీతలు, బంగారు పూత

దేవదూత కళ్లు, వస్త్రం మడతలు, రెక్క ఈకల మీది సన్న గీతలు పుటాలకు ముందే చెక్కాలన్నది తొలి ప్రణాళిక. పరీక్ష ముక్కలో 0.1 మి.మీ. గీతలు పొలుసుతో, ఆపై రాయితో పూర్తిగా మాసిపోయాయి. కాబట్టి ఇప్పుడు చెక్కాను. ఈ దశలో సుత్తి వాడకూడదు, ఉలిని అరచేతితో నెట్టాలి. అయిదు పుటాల తరువాత రాగి బాగా మెత్తబడి ఉంటుంది కాబట్టి ఉలి తేలికగా దిగుతుంది, అదే తేలికతో జారుతుంది కూడా. ఎడమచేతి బొటనవేలిని ఉలికి అడ్డుగా ఉంచితే గాజు దగ్గర ఆగుతుంది.

ముఖంలో నేను దేనికీ తొందరపడలేదు. కనుబొమ్మా ముక్కూ ఒకే గీతగా కలిసిపోవడం, కనుపాప కోసం ఒక్క గుండ్రని పోటు, కింది పెదవికి ఒక పొట్టి గాటు, ఇంతే ఉంటాయి ఆ బొమ్మల్లో. కొన్ని పేటికల్లో తలలను వేరుగా ఉబ్బెత్తుగా చేసి పలకకు బిగించారు. ఈ పలకలో దాన్ని ప్రయత్నించలేదు.

మధ్యయుగంలో పూత పాదరసంతో వేసేవారు. బంగారాన్ని పాదరసంలో కరిగించి ముద్దచేసి, రాగిమీద రుద్ది వేడిచేస్తే, 357 డిగ్రీల దగ్గర మరిగే పాదరసం ఆవిరై పోయి బంగారం అంటుకుంటుంది. ఎనామిల్ కరిగే వేడికి ఇది చాలా దిగువన కాబట్టి గాజు పూర్తయ్యాకే పూత వేయగలిగేవారు. ఆ ఆవిరి నరాలను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇంట్లోనే కాదు, వర్క్‌షాపులో కూడా ఎవరూ దీన్ని ప్రయత్నించవద్దు.

బదులుగా విద్యుత్తుతో బంగారు పూత వేయించాను. గాజు మీదికి విద్యుత్తు పోదు కాబట్టి పూత రాగిమీదే పడుతుంది, ఏదీ కప్పనక్కరలేదు. అయితే పరీక్ష ముక్కను పూతకు ఇచ్చినప్పుడు, అక్కడ అలవాటు ప్రకారం ముందు ఘాటైన ఆమ్లంలో ముంచారు. నీలం మీద పాలపొరలాంటి మసక పట్టింది. మళ్లీ సీరియం ఆక్సైడ్‌తో రుద్దితే పోయింది కానీ దానితోపాటు పక్క గట్ల మీది బంగారమూ పోయింది. అసలు పలకకు ఈ షరతులు రాసి ఇచ్చాను:

1. ఆమ్లంలో ముంచకూడదు. నేనే మెత్తని సున్నపు ముద్దతో రుద్ది, జిడ్డు లేకుండా తడిగానే తెస్తాను.
2. అడుగున నికెల్ పూత వద్దు. నికెల్ మీద బంగారం చల్లగా, తెల్లగా కనిపిస్తుంది.
3. పూత తరువాత బఫింగ్ యంత్రం వద్దు.

పూత వచ్చాక అగేట్ రాతి మొనతో రుద్ది మెరుగుపెట్టాను. చెక్కిన గీతల్లో ఏమీ నింపలేదు.

ఇప్పటివరకు లెక్క: పలక బరువు 194.5 గ్రా.; చెక్కుడులో పోయిన రాగి, మీద పడిన బంగారం రెండూ ఈ తూకంలోనే ఉన్నాయి.

దశ 8: చెక్కకు బిగించడం

పలకను 12 మి.మీ. టేకు చెక్కకు రాగి మేకులతో బిగించాలి. పరీక్ష ముక్కలో మేకు రంధ్రం ఎనామిల్ గుంటకు 2 మి.మీ. దూరంలో ఉండగా, చివరి దెబ్బకు గాజు అంచు గోరంత పెచ్చు లేచింది. అసలు పలకలో ఆ దూరం 4 మి.మీ. ఉంచాను. చెక్కలో ముందే 1.6 మి.మీ. రంధ్రం వేసి, మేకును సుత్తితో కాక, చెక్క ముక్క అడ్డుపెట్టి క్లాంపుతో నొక్కి దించాను. పలక, చెక్కల మధ్య ఏ జిగురూ లేదు. వానాకాలంలో చెక్క ఉబ్బినా మేకు రంధ్రంలో ఉన్న కాస్త సందు దాన్ని భరిస్తుంది.

రెండో పలకకు మార్చిన అంకెలు ఇవి: గట్టు కనీస వెడల్పు 0.9 మి.మీ.; గుంట లోతు అదే 0.8, మేఘాల తెలుపును మొదటి రెండు పుటాల్లో వేయకుండా, పొలుసు ప్రమాదం తగ్గే మూడో పుటంలో మొదలుపెట్టడం, నాలుగో పుటానికి ముందే 220 రాయితో ఒకసారి అరగదీసి, దాగి ఉన్న రంధ్రాలను ఎరుపు వేయకముందే బయటపెట్టి పూడ్చడం. అదే బస్‌బార్ పట్టీలో మిగిలిన ముక్క మీద గీతలు దించడం పూర్తయింది.